సంపాదన సూరత్ నుంచి మావయ్యగారి ఖాతాకి, అప్పు మాత్రం నా పేరు మీద. ఏం చేయమంటారు?

గిరిసోలకోడలు

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా, గిరిసోల దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. మా ఆయన పెళ్ళికి ముందు నుంచే సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తున్నారు. దీపావళికి మగ్గాలు ఆపినప్పుడు వస్తారు. బరంపురంలో ఠాకురాణి జాతర జరిగే ఏడాది అప్పుడు కూడా వస్తారు. అంతే.

నెలనెలా పది, పన్నెండు వేలు పంపుతారు. ఆ డబ్బు మావయ్యగారి ఖాతాలో పడుతుంది. పెళ్ళి కాకముందు నుంచీ అలాగే జరుగుతోంది, మార్చాలని ఎవరికీ తోచలేదు. పాప ట్యూషన్ ఫీజైనా, ఒంటి సబ్బైనా నేను అడిగి తీసుకోవాలి. మావయ్యగారు లేదనరు. కానీ "మొన్ననే కదా ఇచ్చాను" అనకుండా ఒక్కసారీ చేతిలో పెట్టరు.

అసలు చిక్కు అది కాదు. పోయినేడు మావయ్యగారికి పిత్తాశయంలో రాళ్ళు తీయించాల్సి వచ్చింది. చేతిలో ఉన్నది చాలలేదు. నా గొలుసు తాకట్టు పెట్టాం, అదీ చాలకపోతే వీధిలో ఆడవాళ్ళ గ్రూపు లోను తీసుకున్నాం. గ్రూపు లోన్లు ఆడవాళ్ళకే ఇస్తారు కాబట్టి నా పేరు మీదే తీసుకోవాల్సి వచ్చింది. మంగళవారం మంగళవారం మీటింగు, కిస్తీ. ఆ కిస్తీ డబ్బు కూడా మావయ్యగారినే అడగాలి. పోయిన నెల వచ్చిన డబ్బు ఆడపడుచు సీమంతానికి ఖర్చయిపోయింది. ఆ వారం నేను కట్టలేకపోయాను. గ్రూపులోని నలుగురూ మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళే, కానీ నేను కట్టకపోతే వాళ్ళు కట్టాలి కదా.

మా ఆయనకి ఫోన్ చేస్తే "నాన్నని అడుగు" అన్నారు. ఇక నుంచి నా ఖాతాకి పంపమన్నాను. ఆ మాట అత్తయ్యగారి చెవిన పడింది. కొడుకుని వేరు చేస్తోందని వీధంతా చెప్పారు. నాతో మాట్లాడి వారం అవుతోంది. నేను అడిగింది తప్పా? తప్పు కాకపోతే గొడవ లేకుండా ఎలా చేయాలి?

నిజంచెప్తా

మావయ్య ఉన్న ఇంట్లో కోడలికి వేరే లెక్క ఎందుకండీ? పెద్దాయన తిండికి లోటు చేయలేదని మీరే అంటున్నారు. మా వీధిలో ఒకావిడ మొగుడు దుబాయ్ నుంచి నేరుగా ఆవిడకే పంపేవాడు. కొత్త ఫోన్లు, చీరలు తప్ప ఏమీ మిగల్లేదు. మగాడు ఊళ్ళో లేని ఇంటికి పెద్దవాళ్ళే అండ.

సముద్రపుపిల్ల

నిజంచెప్తా గారూ, ఆవిడ చీరలు అడగలేదు. మావయ్య ఆపరేషన్‌కి తన పేరు మీద తెచ్చిన అప్పు కట్టడానికి అడిగింది. పోస్టు మళ్ళీ చదవండి. దుబాయ్ ఆయన ఇంటికొచ్చి తాగిన లెక్క కూడా మీ వీధిలో ఎవరైనా రాసుకున్నారా?

బరంపురంబాబాయ్

అమ్మాయీ, కోపం తెచ్చుకోకుండా విను. ఇది నీ ఒక్కదాని ఇంట్లో పుట్టిన సమస్య కాదు. మా తాతగారు గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళారు. ఆ రోజుల్లో గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి వేలమంది అలా రంగూన్ మిల్లుల్లోకి, రేవు పనుల్లోకి వెళ్ళారు. మనియార్డరు మా పెదతాతగారి పేరున వచ్చేది. పోస్టుమాన్ వస్తే మా నాయనమ్మ తలుపు చాటున నిలబడేదట. ఎంత వచ్చిందో ఆవిడకి ఎవరూ చెప్పేవారు కాదు, ఆవిడ అడిగేదీ కాదు. ఆ డబ్బుతో రెండు ఎకరాల పల్లపు భూమి కొన్నారు. 1942లో జపాన్‌వాళ్ళు బర్మాలోకి దిగాక తాతగారు నడిచి, ఏ దారిన వచ్చారో కానీ, ఎముకల గూడులా ఇల్లు చేరారు. చేరాక తెలిసింది, భూమి కాగితం పెదతాతగారి పేరున ఉందని. దగా అనడానికి లేదు. కొన్నప్పుడు ఊళ్ళో ఉన్నది ఆయనే, సంతకం పెట్టిందీ ఆయనే. తరవాత పంపకాల్లో మా నాయనమ్మకి దక్కింది పెరట్లో రెండు కొబ్బరిచెట్లు.

నువ్వడిగింది తప్పు కాదు. అయితే మొత్తం డబ్బు ఒకేసారి మళ్ళించకు. ముసలాయన పదిమందిలో పరువు పోయిందనుకుంటాడు.

మగ్గంమనిషి

నేను సూరత్‌లోనే ఉంటాను. నైట్ షిఫ్ట్ దిగి రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి.

అక్కా, మీ ఆయన మీ ఖాతాకి ఎందుకు పంపడో నేను చెప్తాను. మాది పన్నెండు గంటల షిఫ్టు. జీతం అంటూ ఉండదు, ఎన్ని మీటర్ల గుడ్డ దిగితే అంత. దారం తెగినా, కరెంటు పోయినా, గిరాకీ పడిపోయినా కోత మాకే. మెస్ గదిలో పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. మెస్సు, గది అద్దె, బీడీ, ఫోను పోగా మిగిలిందే పంపుతాం. ఒక నెల పద్నాలుగు వేలు, ఇంకో నెల ఆరు. ఆ ఆరు వేలు పెళ్ళాం ఖాతాకి పంపితే "ఇంతేనా" అంటుంది. నాన్న ఖాతాకి పంపితే ఆయన ఏమీ అనడు, సర్దుతాడు. ఎలా సర్దాడో మనకి తెలీదు. అప్పు తెచ్చి సర్దాడని ఇంటికెళ్ళాక తెలుస్తుంది.

ఇంకోటి. నేను కొత్తగా వచ్చినప్పుడు ఫోన్‌లో పంపడాలు లేవు. టప్పావాలా ఉండేవాడు. మనూరివాడే, ఇక్కడ అందరి దగ్గరా నోట్లు తీసుకుని, కమీషన్ పట్టుకుని, రైలెక్కి ఊళ్ళో ఇంటింటికీ ఇచ్చేవాడు. అరుగు మీద ఎవరు పెద్దవాడు కూచుంటే వాడి చేతికి. ఆడవాళ్ళ చేతికి ఇచ్చేవాడు కాదు, మాట వస్తుందని భయం. ఇప్పుడు టప్పావాలా లేకపోయినా మా బుర్రల్లో ఆ అరుగు అలాగే ఉంది.

మా ఆవిడకి నా సంపాదన ఎంతో సరిగ్గా తెలీదు. నాకు ఇంటి మీద అప్పెంతో సరిగ్గా తెలీదు. ఇలాగే పదకొండేళ్ళు లాగించాం.

గిరిసోలకోడలు

తమ్ముడూ, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. "ఆరు వేల నెల" మాట దగ్గర ఏమీ మాట్లాడలేదు. ఆయనకీ అలాంటి నెలలు ఉంటాయని నాకిప్పుడే తెలిసింది.

చేతిసంచి

నేను బ్యాంకు మిత్రగా పని చేస్తున్నాను. వేలిముద్ర మిషను సంచిలో వేసుకుని ఊళ్ళు తిరుగుతాను కాబట్టి నాకు కనిపించేది చెప్తాను.

మా బ్లాకులో ఖాతా లేని ఆడది దాదాపు లేదు. 2014లో జన్‌ధన్ వచ్చింది. 2024 సెప్టెంబర్ 17న ఆడవాళ్ళ ఖాతాలో డబ్బు వేసే ఒడిశా ప్రభుత్వ పథకం సుభద్ర మొదలయ్యాక మిగిలినవాళ్ళూ తెరిచారు, ఏడాదికి 10,000 రూపాయలు ఎవరు వదులుకుంటారు? రాఖీ పున్నమికి 5,000, మార్చి 8కి 5,000. ఆ పథకానికి జాయింట్ ఖాతా పనికిరాదు, ఆమె ఒక్కదాని పేరే ఉండాలి. అంటే గిరిసోల అక్కకి ఖాతా ఉండే ఉంటుంది.

కానీ అక్కా, ఆ ఖాతాకి ఏ ఫోన్ నంబరు జోడించి ఉందో ముందు చూడండి. పది మంది ఆడవాళ్ళ పాసుపుస్తకాలు తీస్తే సగంలో మరిది నంబరో, మావయ్య నంబరో, సూరత్‌లో ఉన్న భర్త పాత సిమ్మో ఉంటుంది. డబ్బు పడితే మెసేజ్ ఆ ఫోన్‌కి వెళ్తుంది, ఓటీపీ కూడా అక్కడికే. ఆధార్ కార్డు పట్టుకుని బ్రాంచికి వెళ్ళి నంబరు మార్పించుకోండి. నాలాంటివాళ్ళ దగ్గర వేలిముద్ర పెట్టినప్పుడు చీటీ అడిగి తీసుకోండి. ఒక లావాదేవీకి 10,000 దాటి ఇవ్వం. "సర్వర్ పడిపోయింది, మళ్ళీ వేలు పెట్టు" అంటే మాత్రం మొదటిది కట్ అయిందో లేదో బ్యాలెన్స్ చూసి పెట్టండి. మాలో వెధవలు లేరని నేను అనను.

గ్రూపు లోను సంగతి. రిజర్వు బ్యాంకు నిబంధనలు 2022 ఏప్రిల్ నుంచి మారాయి. ఇంటి మొత్తం కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటకూడదు, అది చూసుకునే అప్పివ్వాలి. వసూలు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరవాత ఫోన్ చేయకూడదు. అప్పిచ్చినవాళ్ళకి ఈ రూల్సన్నీ తెలుసు. అందుకే వాళ్ళు రారు, వాకిట్లోకి గ్రూపు ఆడవాళ్ళు వస్తారు.

నా సలహా ఒకటే: కిస్తీకి ఎంతో అంత మాత్రం మీ ఆయన మీ ఖాతాకి వేయాలి. మిగతాది ఎప్పటిలాగే వెళ్ళనివ్వండి.

పర్లాకిమిడిటీచరమ్మ

ఈ విషయం మీద 2008లో సోనాల్దే దేశాయ్, మంజిష్ఠ బెనర్జీ దేశమంతటి ఇళ్ళ సర్వే లెక్కలతో ఒక పరిశోధన చేశారు. భర్త వలస వెళ్ళాక భార్య స్వేచ్ఛ పెరుగుతుందా లేదా అన్నది ఇంటి పొందికని బట్టి ఉంటుందని తేల్చారు. వేరు కాపురమైతే ఆమె బాధ్యతలూ పెరుగుతాయి, నిర్ణయాలూ ఆమె చేతికి వస్తాయి. ఉమ్మడి కాపురమైతే ఆ బరువూ రాదు, ఆ అధికారమూ రాదు. గిరిసోల అమ్మాయి విషయంలో మాత్రం బరువు వచ్చింది, అధికారం రాలేదు. గ్రూపు లోన్లు వచ్చాక ఇలాంటివి మా గజపతి జిల్లాలో చాలా చూస్తున్నాను.

వేరు కాపురం ఉన్నవాళ్ళు రాణుల్లా ఉన్నారని ఎవరూ అనుకోకండి. మా బడిలో చదివే ఒక పిల్లాడి తల్లి ఒక్కతే ఉంటుంది. కూలీల్ని పిలవడం, ట్రాక్టరువాడితో బేరం, బడి మీటింగు, అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే ఆటో, అన్నీ ఆమే. దూడని అమ్మాల్సి వచ్చినప్పుడు మాత్రం వీడియో కాల్ చేసి, దూడ చుట్టూ తిరిగి, పళ్ళు కూడా చూపించి, భర్త "ఊ" అన్నాక అమ్మింది. కొనేవాడు అంతసేపూ పగ్గం పట్టుకుని నిలబడ్డాడు. గడ్డి వేసి సాకింది ఆమె, ధర మాట్లాడింది ఆమె.

2020లో లాక్‌డౌన్ అప్పుడు సూరత్ నుంచి అందరూ వచ్చేశారు కదా. ఊరి బయట బడుల్లో క్వారంటైన్ పెట్టారు, మా బడి కూడా ఇచ్చాం. ఇళ్ళకి చేరిన రెండో వారానికి పాసుపుస్తకాలన్నీ చేతులు మారాయి. సంఘం మీటింగుకి ఆడవాళ్ళ బదులు మొగుళ్ళు వచ్చి కూర్చున్నారు. రైళ్ళు మొదలై వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మామూలే. అంటే ఆ అధికారం ఆమెకి ఎవరూ ఇచ్చింది కాదు, ఆయన లేడు కాబట్టి వాడుకుంది.

నిజంచెప్తా

టీచరమ్మా, పరిశోధనలు సరే. ముసలాళ్ళ సంగతేంటి? కొడుకు డబ్బు కోడలి ఖాతాలో పడితే రేపు మందుబిళ్ళకి కోడలి ముందు చెయ్యి చాచాలి. అది మాత్రం పరువా?

పర్లాకిమిడిటీచరమ్మ

ఇది సరైన ప్రశ్న. చాచకూడదు. అందుకే ఆయన భాగం ఆయన ఖాతాకే వెళ్ళాలని చేతిసంచి గారు కూడా అన్నారు. ఆ చెయ్యి చాచడం ఎంత కష్టమో మీకు తెలుసన్నమాట. ఆ అమ్మాయి ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే.

సముద్రపుపిల్ల

మా వాడబలిజల ఇళ్ళల్లో కథ వేరు, అందుకే రాస్తున్నాను. మాది గోపాల్‌పూర్‌కి ఉత్తరాన. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర తాబేళ్ళని కాపాడటానికి నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు మరబోట్లతో చేపల వేట లేదు. దాని మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్లకి నిషేధం. మగాళ్ళు ఏం చేస్తారు? చెన్నై, మంగళూరు, గోవా, కేరళ బోట్ల మీదకి పోతారు. పోయే ముందు బోటు ఓనరు అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు పాత అప్పులకి పోతుంది, తరవాత నెలల తరబడి ఇంటికి రూపాయి రాదు. అడ్వాన్సు తీరాలి కదా.

ఇల్లు నడిచేది మా గంపల మీద. వేలంలో చేప అరువు మీద తీసుకుంటాం, బరంపురం సంతలో అమ్ముతాం, సాయంత్రం అరువు తీర్చి మిగిలింది కొంగున కట్టుకుంటాం. ఆ డబ్బు నాది. మా అత్త కూడా గంప మోసిందే కాబట్టి నా కొంగు జోలికి రాదు. గిరిసోల అక్కకి ఊళ్ళో ఏ సంపాదనా లేదు, అక్కడే తేడా వచ్చింది. అలాగని మమ్మల్ని ఎవరో నెత్తిన పెట్టుకున్నారని కాదు. కులపెద్దల కూటంలో బోటు గురించి, వలల గురించి మాట ఇప్పటికీ మగాళ్ళదే. మొగుడు కేరళలో ఉంటే మరిది వెళ్ళి కూచుంటాడు. నేను గంపతో ఆ పక్క నుంచే వెళ్తాను.

చేప లేని నెలల్లో మేమూ గ్రూపు లోన్లే తెస్తాం. ఒకటి తీర్చడానికి ఇంకోటి. ఒక్కో మనిషికి మూడు, నాలుగు పుస్తకాలు.

కాశీనగర్‌కుర్రాడు

నేను సూరత్ తండ్రికి పుట్టిన కొడుకుని. రాయాలా వద్దా అనుకున్నాను, రాస్తున్నాను.

మా నాన్న పంపిన డబ్బుతో తాతగారి స్థలంలో స్లాబు ఇల్లు లేచింది. కింద రెండు గదులు, పైన ఒకటి. ఇసుక, సిమెంటు, తాపీమేస్త్రీ కూలీ, అన్నీ నాన్న పంపినవే. నేను ఇంటర్లో ఉండగా ఆయన అక్కడే జ్వరంతో పోయారు. పని చేసిన చోట కార్డు లేదు, చీటీ లేదు. యజమాని పేరు కూడా ఎవరూ సరిగ్గా చెప్పలేదు, "సేఠ్" అంటారు అంతే. దినవారాలు అయ్యాక బాబాయిలు అమ్మని అడిగిన మొదటి మాట: ఇంటికి మీ ఆయన పెట్టాడని రుజువేది? అప్పట్లో నాన్న నోట్లు పంపేవాడు. రుజువు లేదు.

మాకు తెలిసినవాళ్ళు ఒక వకీలు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన చెప్పినవి రాస్తాను, మీకు పనికొస్తాయి. తాతగారు బతికుండగా ఆయన స్వార్జితం మీద కోడలికి వాటా లేదు. వీలునామా రాయకుండా పోతే, హిందూ వారసత్వ చట్టంలో చనిపోయిన కొడుకు భార్యాపిల్లలు కూడా మొదటి వరస వారసులే, నాన్న భాగం వాళ్ళకి వస్తుంది. వాటా సంగతి పక్కన పెడితే, కాపురం చేసిన ఇంట్లోంచి ఆమెని ఊరికే వెళ్ళగొట్టడానికి లేదు. 2005 గృహహింస చట్టం కింద నివాస హక్కు ఉంది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆ హక్కు అడగొచ్చని సుప్రీంకోర్టు 2020 అక్టోబర్‌లో చెప్పింది. ఆ కాగితం చూపించాకే బాబాయిలు తగ్గారు. అమ్మ ఇప్పటికీ కింద గదిలోనే ఉంది.

అందుకే మగ్గంమనిషి అన్నా, డబ్బు ఎవరికి పంపినా బ్యాంకు ద్వారా పంపు. నువ్వు పని చేసే చోటు ఫోటో, సేఠ్ పేరు, గది చిరునామా ఇంట్లో ఆమె ఫోన్‌లో ఉండాలి. ఖాతాకి నామినీ ఎవరో చూసుకో. పెళ్ళికి ముందు తెరిచిన ఖాతా అయితే అమ్మ పేరే ఉంటుంది. నామినీ డబ్బు తీసుకుంటారు కానీ అది వారసులందరిదీ, ఆ పంపకం దగ్గరే గొడవలొస్తాయి.

మగ్గంమనిషి

చూసుకున్నాను తమ్ముడూ. అమ్మ పేరే ఉంది. అమ్మ పోయి నాలుగేళ్ళు.

కొత్తసభ్యురాలు

పేరు చెప్పను. మా ఆయన మూడేళ్ళుగా పంపడం లేదు. అక్కడ ఇంకో కాపురం ఉందని రైల్లో వచ్చినవాళ్ళు చెప్తున్నారు. సూరత్ వెళ్ళి కేసు పెట్టాలా?

బరంపురంబాబాయ్

అక్కర్లేదమ్మా. భరణం కేసు నువ్వు ఉంటున్న ఊరి కోర్టులోనే వేయొచ్చు. ఇదివరకు 125 సెక్షన్ అనేవారు, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 144. జిల్లా న్యాయసేవా సంస్థ కార్యాలయం కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఆడవాళ్ళకి వకీలుని ఉచితంగా ఇస్తారు. పెళ్ళి ఫోటో, రేషన్ కార్డు, పిల్లల జనన పత్రాలు పట్టుకెళ్ళు. రేషన్ కార్డులో ఇంటి పెద్దగా నీ పేరే ఉందేమో చూడు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళలో పెద్ద వయసు ఆడమనిషే ఇంటి పెద్ద. వేరే కార్డు కావాలంటే ముందు ఆయన మీద ఆధారపడకుండా అర్జీ పెట్టుకో.

నిర్వాహకుడు

కొత్తసభ్యురాలి విషయం ఇక్కడ ఎవరూ వివరాలు అడగొద్దు. నేను విడిగా రాశాను.

గిరిసోలకోడలు

అందరికీ దండాలు. ఏం జరిగిందో చెప్పాలి కదా.

మా ఆయనే మావయ్యగారికి ఫోన్ చేశారు. "నాన్నా, లోను నీ ఆపరేషన్‌దే, ఆ కిస్తీ ఒక్కటి దాని ఖాతాలో వేస్తాను, నువ్వు ప్రతి మంగళవారం గుర్తుపెట్టుకోనక్కర్లేదు" అన్నారు. మావయ్యగారు కాసేపు ఆగి "మంచిదే, నాకూ ఆ టెన్షన్ తప్పుతుంది" అన్నారు. నేను ఇంత తేలిగ్గా అవుతుందనుకోలేదు. అత్తయ్యగారి మూతి ముడుపు ఇంకా ఉంది. నిన్న మాత్రం ఆడపడుచుకి ఫోన్ చేయాలని నా దగ్గర రీఛార్జి చేయించుకున్నారు. డబ్బు తరవాత ఇస్తానన్నారు. ఇస్తారో లేదో చూడాలి.

చేతిసంచి అన్నా, నంబరు చూశాను. మా మరిదిదే. రేపు బ్రాంచికి వెళ్తున్నాను, పాపని బడిలో దింపాక.

ఇంకో మాట. కాశీనగర్ తమ్ముడు రాసింది చదివాక నిద్ర పట్టలేదు. వచ్చే దీపావళికి మేడ మీద గది వేయాలని మా ఆయన అనుకుంటున్నారు. స్థలం మావయ్యగారిది. వేయొచ్చా?

నిజంచెప్తా

గది వేయడానికి కూడా సందేహమేనా? ఉన్న ఇంటి మీద వేసుకుంటున్నారు. (కిస్తీ విషయం అలా తేలడం మాత్రం బాగుంది. పెద్దాయన మంచివాడని నేను మొదటే అన్నాను.)

బరంపురంబాబాయ్

సందేహపడటమే మంచిది. అమ్మాయీ, ముందు ఒడిశా భూమి రికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైటులో పట్టా ఎవరి పేరుందో చూడు. జిల్లా, తహసీలు, మౌజా (ఊరు), భూమి ఖాతా నంబరు కొడితే వస్తుంది. మన వైపు చాలా ఇళ్ళ పట్టాలు ఇంకా తాతల పేర్లతోనే ఉంటాయి. మీదీ అలా ఉంటే అది మావయ్యగారి ఒక్కరిదే కాదు, ఆయన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళది కూడా. ముందు మ్యుటేషన్, అంటే పట్టాలో పేరు మార్పు చేయించాలి. ఆయన పేరునే ఉంటే, గది కట్టే భాగం వరకు కొడుకు కోడళ్ళ పేరున దానపత్రం రాసిస్తారేమో మీ ఆయన అడగాలి, నువ్వు కాదు. కొనేదైతే ఇంకో లాభం ఉంది, ఒడిశాలో ఆడవాళ్ళ పేరున రిజిస్టర్ చేస్తే స్టాంపు డ్యూటీ ఒక శాతం తక్కువ. ఇదేమీ కుదరకపోతే గది కన్నా గొలుసు విడిపించుకోవడం ముందు.

చేతిసంచి

బాబాయ్ గారు చెప్పింది నిజం. గొలుసు ఎక్కడ పెట్టారక్కా, బ్యాంకులోనా, షావుకారు దగ్గరా? షావుకారు దగ్గరైతే వడ్డీ ఎంతో చెప్పండి. బ్యాంకు గోల్డ్ లోనుకి మార్చుకునే వీలుందేమో చూద్దాం.

గిరిసోలకోడలు

షావుకారు దగ్గరే. నూటికి మూడు, నెలకి. చీటీ మావయ్యగారి పేరున రాశారు.